ట్రైలర్‌ని కొయ్యకండి, బోటుని జరపండి

ప్రశ్న: నమస్కారం సార్. మాది మధురవాడ. నా దగ్గర 14 అడుగుల ఫైబర్ బోటు ఉంది, వెడల్పు 5 అడుగులు. 9.9 హార్స్ పవర్ ఇంజన్, పెట్రోలు ట్యాంకు, లంగరు అన్నీ కలిపి 260 కిలోల దాకా తూగుతుంది. ఇన్నాళ్లూ భీమిలి దాకా ఆటో ట్రాలీలో వేసుకెళ్లేవాణ్ని. ఈమధ్య ఒకాయన దగ్గర పాత బోటు ట్రైలర్ చవగ్గా దొరికితే కొన్నాను. అది 20 అడుగుల స్పీడు బోటుకి చేసింది. ఒకటే యాక్సిల్, ఖాళీ బరువు 320 కిలోలు, ఒకటిన్నర టన్నులు మోస్తుందట. నా బోటు ఎక్కిస్తే రెండు చెక్క పట్టెల మధ్యలోంచి కిందకి దిగిపోయి అడ్డ కమ్మీ మీద కూర్చుంటోంది. ముందు ఐదడుగులు ఖాళీ. బొలెరోకి తగిలించి కాలనీలో తిప్పితే గుంతకో గెంతు. పైగా కాస్త స్పీడు పెంచగానే వెనక ఊగుతోంది, అదొక టెన్షన్. ముందు బారులోంచి ఐదడుగులు కోసి అతికించేస్తే సరిపోతుందని వెల్డర్ అంటున్నాడు, పన్నెండు వేలు అడిగాడు. కొయ్యించమంటారా? – పి.ఎస్., మధురవాడ

జవాబు: వద్దు. ట్రైలర్ పెద్దదవడం మీ సమస్య కాదు. పెద్ద బోటు కోసం బిగించిన పట్టెలు, ముందు స్తంభం, కమాన్లు (యాక్సిల్ మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఇంకా పెద్ద బోటు కోసమే ఉన్నాయి. వాటిలో చాలామటుకు యు బోల్టులతో బిగించినవే. స్పానర్‌తో అయ్యే పనికి గ్యాస్ కటింగ్ ఎందుకు?

గాజువాక ఆటోనగర్‌లో ట్రైలర్లు కట్టే షెడ్డులోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కాబట్టి వెల్డర్ మనసు నాకు తెలుసు. ఏ రోగానికైనా అతని దగ్గర కోయడం, అతకడం ఈ రెండే మందులు. కానీ ముందు బారు పొడుగ్గా ఉండటం మీకు వరం. రివర్సులో పొట్టి ట్రైలర్ స్టీరింగ్ కాస్త తిప్పగానే చప్పున అడ్డం తిరుగుతుంది. పొడుగుది నింపాదిగా తిరుగుతుంది, సరిదిద్దుకునే వ్యవధి ఇస్తుంది. రేవులో బోటు దింపేటప్పుడు కారుకీ నీళ్లకీ మధ్య దూరం ఇచ్చేది కూడా ఆ బారే. ఐదడుగులు కోసేశాక మీ బొలెరో వెనక చక్రాలు ఉప్పునీళ్లలో నిలబడతాయి.

ఇంకోటి. మీ ట్రైలర్‌కి బూడిద రంగు మచ్చల్లాంటి జింకు పూత ఉంటే, దాని మీద వెల్డింగ్ పెట్టిన చోటల్లా పూత కాలిపోతుంది. పైన జింక్ పెయింటు వేయొచ్చు, గొట్టం లోపలి వైపు ఏం వేస్తారు? విశాఖ గాలికి అక్కడే తుప్పు మొదలవుతుంది, బయటికి కనిపించేసరికి లోపల ఏమీ మిగలదు. పైగా ఆ పొగ పీల్చిన వెల్డర్‌కి సాయంత్రానికి చలి జ్వరం వస్తుంది. మా వాళ్లు దీనికి పాలు తాగేవారు, బెల్లం ముక్క నోట్లో వేసుకునేవారు. నన్నడిగితే మాస్కు పెట్టుకుని, పూత గీకేసి, గాలి ఆడే చోట కూర్చుని చేయడం ఒక్కటే మందు.

కాగితాల సంగతీ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ని కూడా మోటారు వాహనంగానే లెక్కేస్తుంది, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అదే చట్టంలో 52వ సెక్షన్. చాసిస్ ఐదడుగులు తగ్గించడం కచ్చితంగా అలాంటి మార్పే. మీ ట్రైలర్ మీ పేరు మీదకి మారిందో లేదో రాయలేదు. ముందు అది చూసుకోండి.

ఇక అసలు పని. ఊగుతోందని రాశారు చూడండి, నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ మాటకే. గుంతలో గెంతితే బోటు పాడవుతుంది, ఊగితే మనుషులు పోతారు. ఊగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కారు కొక్కెం మీద పడాల్సిన బరువు పడకపోవడం. కావడి రెండు పక్కలా సమానంగా తూగాలి గానీ ట్రైలర్ అలా తూగకూడదు. మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం కొక్కెం మీద పడాలి. మీ లెక్కలో బోటు 260, ట్రైలర్ 320, మొత్తం 580 కిలోలు. అంటే కొక్కెం దగ్గర 40 నుంచి 58 కిలోల మధ్య ఉండాలి. నా ఊహ, మీరు బోటుని పట్టెల చివరి దాకా వెనక్కి లాగి కట్టారు, ముందు ఐదడుగుల ఖాళీ అందుకే. ఇంజను బరువు కూడా వెనకే. దాంతో కొక్కెం తేలికైపోయింది.

దీన్ని కొలవడానికి ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ చాలు. ట్రైలర్‌ని సమతలమైన నేల మీద పెట్టి, చక్రాలకి అటూ ఇటూ రాళ్లు అడ్డం వేయండి. మిషన్ మీద ఒక చెక్క మొద్దు నిలబెట్టి, కారుకి తగిలించినప్పుడు కొక్కెం ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ముందు బారుని దాని మీద ఆనించండి. మిషన్ చూపించిన దాంట్లోంచి మొద్దు బరువు తీసేస్తే మీకు కావలసిన అంకె వస్తుంది. ఈ కొలత తీసేటప్పుడు ట్రైలర్ వెనక కూడా ఒక స్టాండు దాదాపు తగిలేలా పెట్టుకోండి. బోటు మరీ వెనక్కి ఉన్నప్పుడు ఎవరైనా వెనక ఎక్కితే ముందు బారు ఒక్కసారిగా పైకి లేస్తుంది. మీ గడ్డం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు బోల్టులు విప్పి చెక్క పట్టెలు రెండూ తీసి పక్కన పెట్టండి. ట్రైలర్ మీద పాత టైర్లో ఇసుక బస్తాలో వేసి, ఆరుగురు మనుషుల్ని పిలిచి బోటుని వాటి మీద కూర్చోబెట్టండి. ఇంజను, ట్యాంకు, బ్యాటరీ, లంగరు ఏది ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టండి. పెట్రోలు కూడా మామూలుగా తీసుకెళ్లేంత ఉండాలి. అప్పుడు తూచండి. ఎంత జరపాలో గుడ్డిగా ఊహించక్కర్లేదు, చిన్న లెక్క ఉంది. బోటు బరువుని జరిపిన దూరంతో గుణించి, కొక్కెం నుంచి యాక్సిల్‌కి ఉన్న దూరంతో భాగిస్తే కొక్కెం మీద పెరిగే బరువు వస్తుంది. మీ ట్రైలర్‌లో ఆ దూరం 420 సెంటీమీటర్లు అనుకుందాం. బోటుని 30 సెంటీమీటర్లు ముందుకి జరిపితే 260 ఇంటూ 30 బై 420, అంటే పద్దెనిమిదిన్నర కిలోలు పెరుగుతుంది. మిషన్ ఇప్పుడు 28 చూపిస్తోందనుకోండి, ఆ ఒక్క అడుగుతో 46కి వచ్చేస్తారు. ఆ చోటు దొరికాక బోటు వెనక పలక ఎక్కడికి వచ్చిందో, ముక్కు ఎక్కడికి వచ్చిందో ఫ్రేము మీద పెయింటుతో గుర్తు పెట్టుకోండి. ఇకమీద ప్రతిదీ ఆ రెండు గుర్తుల్ని బట్టే బిగిస్తారు.

ఒక చిక్కు రావచ్చు. లెక్క ప్రకారం జరిపితే బోటు వెనక పలక ట్రైలర్ చివరి నుంచి నాలుగైదు అడుగులు లోపలికి వెళ్లిపోతే, రేవులో దింపేటప్పుడు ఆ ఖాళీ తోక ముందు నీళ్లలోకి వెళ్లాలి. బోటు తేలేసరికి మీ చక్రాలు చాలా లోతులో ఉంటాయి. అలాంటప్పుడు బోటుని వెనకే ఉంచి, యాక్సిల్‌ని వెనక్కి జరపాలి. దాంతో కూడా కొక్కెం మీద బరువు పెరుగుతుంది. కమాన్ల బ్రాకెట్లు ఫ్రేముకి బోల్టులతో ఉంటే ఇది ఒక పూట పని, వెల్డింగ్ ఉంటే మటుకు యాక్సిల్ జోలికి పోకుండా బోటునే జరుపుకోండి. యాక్సిల్ జరిపాక తప్పనిసరిగా కొలవాల్సింది ఒకటుంది: కొక్కెం నడిమి నుంచి యాక్సిల్ ఎడమ కొసకి, కుడి కొసకి టేపు పట్టండి. రెండూ సమానంగా రావాలి. తేడా ఉంటే ట్రైలర్ పీతలా పక్కకి నడుస్తుంది, టైర్లు ఒక వైపే అరిగిపోతాయి. మడ్‌గార్డులు కూడా యాక్సిల్‌తో పాటే జరగాలి.

పట్టెల దగ్గరికి వద్దాం. మీ బోటు అడ్డ కమ్మీ మీద కూర్చుంటోందంటే బరువంతా నడిమి వెన్ను మీద ఒక్కచోటే పడుతోందని. ఫైబర్‌కి అది మంచిది కాదు. పట్టెల్ని దగ్గరికి లాగాలి. ఎంత దగ్గరికి అనేది బోటు లోపల చూసి తెలుసుకోవాలి. అడుగున పొడుగునా వేసిన బలమైన దిమ్మెలు, వీటినే స్ట్రింగర్లంటారు, ఎక్కడున్నాయో చూసి, సరిగ్గా వాటి కింద పట్టెలు వచ్చేలా పెట్టండి. అడుగున బయటికి పొడుచుకొచ్చిన సన్న గట్ల మీద మాత్రం ఆనించొద్దు, నలిగిపోతాయి. వెన్నుకీ అడ్డ కమ్మీకీ మధ్య రెండంగుళాల సందు ఉండేంత ఎత్తులో పట్టెలు ఉండాలి. ఆ సందులో ఒక రబ్బరు రోలరు వేస్తే బోటు ఎక్కించేటప్పుడు ముక్కు దారి తప్పదు. మీ బోటు 5 అడుగులే కాబట్టి రెండు చక్రాల మధ్యకి దిగే అవకాశం ఉంది. చక్రాల మధ్యకి దిగితే అంతకంటే అదృష్టం లేదు, ఎంత కిందకి ఉంటే అంత తక్కువ నీళ్లలో తేలుతుంది.

అన్నిటికంటే ముఖ్యం పట్టెల వెనక కొస. అది బోటు వెనక పలకతో సమానంగా, లేదా అంగుళం బయటికి ఉండాలి. ఇంజను వేలాడేది ఆ పలకకే. పట్టె ఆ పలకకి అడుగు ముందే ఆగిపోతే, ఇంజను బరువు గుంతగుంతకీ బోటు అడుగుని కిందకి వంచుతుంది. కొన్నాళ్లకి అడుగున సన్నని వంపు తేలుతుంది. ఆ వంపు పడ్డ బోటు నీళ్ల మీద ముక్కు దించుకుని పరిగెడుతుంది, ఇంజను వంపు (ట్రిమ్) ఎంత మార్చినా లేవదు. బోటు పాతదైపోయింది, ఇంజను వీకైపోయింది అని అమ్మేసినవాళ్లని చూశాను. తప్పంతా ట్రైలర్‌ది.

పట్టెలకి నాలుగంగుళాలు, రెండంగుళాల టేకు చాలు, వెడల్పు వైపు పైకి పెట్టండి. పొడవు ఏడెనిమిది అడుగులు. టేకు ఖరీదైతే మద్ది అయినా పరవాలేదు. ముందు బ్రాకెట్టుకి ఒకే బోల్టు వేసి కాస్త అటూ ఇటూ తిరిగేలా వదిలేయండి, బోటు అడుగు వాలుని బట్టి పట్టె తనంతట తనే సర్దుకుంటుంది. బోల్టు తల చెక్కలోకి దిగిపోయి ఉండాలి. పైన కార్పెట్టు చుట్టండి గానీ కింది వైపు మొత్తం మూసేయొద్దు. నీళ్లు కారే దారి లేకపోతే చెక్క కుళ్లిపోతుంది.

బోల్టుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. బజారులో బంగారు రంగు పూతతో మెరిసే యు బోల్టులు ఉంటాయి, అవి ఒక వానాకాలం ఆగవు. ముద్దగా, గరుగ్గా జింకులో ముంచినవి అడిగి తీసుకోండి. నట్టు కింద మందపాటి పట్టీ వేసి బిగించండి, లేకపోతే చదరపు గొట్టం గోడ లోపలికి నొక్కుకుపోతుంది. మొదటిసారి భీమిలి వెళ్లొచ్చాక అన్నీ మళ్లీ బిగించాలి. కొత్త చెక్క నలిగి కూర్చుంటుంది, బోల్టు వదులవుతుంది.

ముందు విన్చ్ (బోటుని పైకి లాగే చుట్టు యంత్రం) స్తంభం బారు మీద యు బోల్టులతోనే ఉంటుంది. వెనక్కి జరిపి, బోటు ముక్కు రబ్బరుకి ఆనేలా పెట్టండి. ముక్కు దగ్గరి ఇనప కన్ను ఆ రబ్బరు కిందికి రావాలి, అప్పుడు బ్రేకు వేసినా బోటు పైకి ఎగబాకదు. విన్చ్ పట్టా బోటుని లాగడానికే, కట్టి ఉంచడానికి కాదు. ముక్కుకి విడిగా ఒక గొలుసు, వెనక రెండు మూలలకీ రెండు బెల్టులు ఉండాలి. కారుకీ ట్రైలర్‌కీ మధ్య రక్షణ గొలుసులు రెండూ ఇంటూ గుర్తులా అడ్డంగా తగిలించండి. కొక్కెం ఊడినా బారు నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద వాలుతుంది.

చివరికి ఆ గెంతులు. ఒకటిన్నర టన్నులకి వేసిన కమాన్లు మీ 260 కిలోలకి వంగనే వంగవు. ప్రతి గుంత దెబ్బా నేరుగా బోటుకే తగులుతుంది, ఫైబర్ మీద సాలెగూడు లాంటి సన్న పగుళ్లు వచ్చేది ఇలాగే. పై ప్రధాన పట్టీని ముట్టుకోకుండా కింది వాటిలో ఒకటో రెండో తీయించండి, రెండు వైపులా ఒకేలా. తీసిన మందానికి సరిపడా ఇనప పలక వేసి యు బోల్టు బిగించాలి. ఇది మాత్రం కమాన్ల పనివాడి చేతే చేయించండి. తీసేసిన పట్టీలు దాచిపెట్టి, ఈ ట్రైలర్ ఇక ఒకటిన్నర టన్నులది కాదని ఫ్రేము మీద పెయింటుతో రాయండి. రేపు మీ బావమరిదో ఎవరో పెద్ద బోటుకి అరువు అడుగుతారు.

టైరు పక్కన రాసిన గాలి నిండు బరువుకి చెప్పింది. మీకు కాస్త తగ్గించాలి. ఎంతంటే, టైరు మీద అడ్డంగా సుద్దతో గీత గీసి యాభై గజాలు లాగండి. గీత మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ, సమానంగా చెరిగితే సరి.

ఇవన్నీ మార్చాక మళ్లీ ఒకసారి తూచండి. తర్వాత ముందు కాలనీలో, ఆ తర్వాత తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నింపాదిగా లాగి చూడండి. ఆనందపురం వైపు హైవే లారీల పక్కన మొదటి పరీక్ష వద్దు. ఇంకో మాట, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఫైబర్ పనివాళ్లు, మెకానిక్కులు దొరకరు. అందరి బోట్లూ అప్పుడే ఒడ్డెక్కుతాయి. మీ పని దానికి ముందో వెనకో పెట్టుకోండి.

ప్రశ్న: మాది అల్యూమినియం బోటు, 12 అడుగులు. పట్టెలు తీసేసి మొత్తం రోలర్లు వేయిద్దామని మావారు, చెక్కే మంచిదని నేను. మీరేమంటారు? – కె.ఆర్., పెదగంట్యాడ

జవాబు: చెక్కకే నా ఓటు, అమ్మా. రోలర్ల మీద ఎక్కించడం సులువే గానీ బరువంతా కొన్ని చుక్కల మీద పడుతుంది. పలచటి అల్యూమినియం రేకు అక్కడ సొట్ట పడుతుంది. నడిమి వెన్ను కింద ఒకటో రెండో రోలర్లు వేయిస్తే ఆయన మాట కూడా నెగ్గినట్టే. ఒక జాగ్రత్త: చెదలు పట్టకుండా రాగి మందు ఎక్కించిన ఆకుపచ్చ చెక్క కొనొద్దు. ఆ రాగి, ఉప్పునీళ్లు, అల్యూమినియం మూడూ కలిస్తే రేకు గుంటలు గుంటలుగా తినేస్తుంది. మామూలు టేకు తీసుకోండి.

ప్రశ్న: ట్రైలర్ చక్రం హబ్‌లోంచి గ్రీజు తెల్లగా, పెరుగులా వస్తోంది. గ్రీజు మార్చి ఎన్నాళ్లో కాలేదు. కంపెనీ గ్రీజే వేశాను. – వి., అనకాపల్లి

జవాబు: గ్రీజు మంచిదే, అందులో నీళ్లు కలిశాయి. మీరు రోడ్డు మీద లాక్కొచ్చి నేరుగా రేవులోకి దింపుతున్నారు. పరిగెత్తిన హబ్ వేడిగా ఉంటుంది, లోపల గాలి వ్యాకోచించి ఉంటుంది. చల్లటి నీళ్లు తగలగానే ఆ గాలి ముడుచుకుని సీలు సందులోంచి నీళ్లని లోపలికి పీలుస్తుంది. ఇప్పుడు రెండు వైపులా హబ్‌లు విప్పి, బేరింగులు కిరసనాయిల్లో కడిగి, నీలంగానో గోధుమ రంగులోనో మచ్చలు కనిపిస్తే బేరింగు మార్చేయండి. సీలు ఎలాగూ కొత్తదే వేయాలి. నీళ్లకి ఆగే మెరైన్ గ్రీజు పెట్టండి. స్ప్రింగుతో గ్రీజుని ఎప్పుడూ లోపలికి నొక్కి ఉంచే మూతలు దొరుకుతాయి, అవి బిగిస్తే నీళ్లు దూరే సందు బాగా తగ్గుతుంది. రేవు దగ్గరికి రాగానే హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆగండి. ఆ వ్యవధిలోనే లైట్ల ప్లగ్గు కూడా పీకేయండి, కాలుతున్న బల్బు చన్నీళ్లలో మునిగితే టప్పున పగులుతుంది. వచ్చాక హబ్‌ల మీద, కమాన్ల మధ్య, ఫ్రేము గొట్టాల లోపలికి మంచినీళ్ల పైపు పట్టండి.